గుండె కండరాన్ని కరెంటుతో పెంచడం: డిష్ తయారీ నుంచి పల్స్ కొలత దాకా

ల్యాబ్‌లో జెల్‌లో పోసి పెంచిన గుండె కండర కణాలు వాటంతటవే కొట్టుకుంటాయి, కాకపోతే దేని తాళం దానిదే. బయటినుంచి క్రమం తప్పకుండా చిన్న కరెంటు దెబ్బ తగిలిస్తూ ఉంటే అవి ఒక వరసకు తిరిగి, పక్కకణంతో జతపడి, అన్నీ కలిసి ముడుచుకుంటాయి. మిలిత్సా రాడిసిచ్, గోర్డానా వున్యాక్-నొవాకోవిచ్ బృందం 2004లో ఎలుక పిల్లల కణాలతో దీన్ని చూపించింది. సెం.మీ.కి 5 వోల్టులు, 2 మిల్లీసెకన్ల పల్స్ (అంటే ఒక్కో కరెంటు దెబ్బ), సెకనుకు ఒకటి: ఎనిమిది రోజుల పెంపకంలో ముడుచుకునే మేర ఏడు రెట్లు పెరిగింది. మందులు గుండెకు హాని చేస్తాయా అని పరీక్షించడానికి ఇలాంటి కణజాలమే కావాలి.

కరెంటు ఇవ్వడం తేలికే. ఎలక్ట్రోడ్ (కరెంటును లోపలికి అందించే కడ్డీ) దగ్గర రసాయన చర్య జరగకుండా ఇవ్వడమే కష్టం. అందుకే స్టీలు వాడొద్దు, తుప్పుపట్టి లోహం మీడియంలోకి, అంటే కణాలను పెంచే పోషక ద్రవంలోకి దిగుతుంది. కార్బన్ కడ్డీలు చవక, పైగా నీటిని విడగొట్టకుండా ఎక్కువ ఛార్జిని మోయగలవు.

60 మి.మీ. గాజు పెట్రీ డిష్, 3 మి.మీ. మందం, 4 సెం.మీ. పొడవున్న రెండు కార్బన్ కడ్డీలు, సన్నని ప్లాటినం తీగ తీసుకోండి. కడ్డీ చివర సన్నగా రంధ్రం చేసి, తీగ దూర్చి, బిగుతుగా నాలుగైదు చుట్లు చుట్టండి. లోపలి అంచుల మధ్య సరిగ్గా 1 సెం.మీ. ఉండేలా కడ్డీలను సమాంతరంగా సిలికోన్ జిగురుతో అతికించండి. తీగ చుట్టిన చోటు మొత్తాన్నీ అదే జిగురుతో కప్పేయాలి. ప్లాటినం మీడియంకి తగిలితే కరెంటు కార్బన్‌ని వదిలి అటే పోతుంది, రెండు కడ్డీల మధ్య విద్యుత్ క్షేత్రం వంకరపోతుంది. జిగురు ఆరేటప్పుడు వెనిగర్ వాసన వస్తుంది. అది అసిటిక్ యాసిడ్, పూర్తిగా పోయేదాకా ఆగాలి. తర్వాత నీళ్లు నల్లబడడం ఆగేదాకా డిష్‌ని కడిగి, ఆటోక్లేవ్ చేయండి (ఒత్తిడితో కూడిన వేడి ఆవిరిలో క్రిములు చంపడం).

ఇప్పుడు చాలామంది తప్పుచేసే చోటు. కడ్డీలు మునిగేలా 10 మి.లీ. దాకా మీడియం పోస్తే రెండింటి మధ్య నిరోధం 40–60 ఓమ్‌లే ఉంటుంది. 5 వోల్టులు పెడితే పల్స్ ఉన్నంతసేపూ 0.1 ఆంపియర్ దాకా లాగుతుంది. పల్స్‌లు పుట్టించడానికి వాడే ఆర్డ్వినో అనే చిన్న కంట్రోలర్ బోర్డు పిన్ను సురక్షితంగా ఇవ్వగలిగేది 20 మిల్లీ ఆంపియర్లు. నేరుగా కలిపితే వోల్టేజీ కూలబడుతుంది, తెర మీద మాత్రం 5 అనే ఉంటుంది! మధ్యలో ఎక్కువ కరెంటు ఇవ్వగల డ్రైవర్ సర్క్యూట్ తప్పనిసరి. ఆరు డిష్‌లు సమాంతరంగా కలిపితే అర ఆంపియర్ దాటుతుంది, అది కూడా లెక్కలో పెట్టుకోండి.

కణాలు పెట్టకముందే ఖాళీ మీడియంతో నడిపి, ఆసిలోస్కోప్‌ని (వోల్టేజీని గీతగా చూపే పరికరం) డిష్ తీగలకే తగిలించి చూడండి. నాబ్ మీది అంకెను నమ్మొద్దు. పల్స్ ఎత్తు ఎంతో, పల్స్‌కీ పల్స్‌కీ మధ్య గీత సున్నాకి దిగుతోందో లేదో రెండూ చూడాలి. కొంచెం డీసీ (ఒకే దిశలో ఆగకుండా పారే కరెంటు) మిగిలినా చాలు, రాత్రంతా విద్యుద్విశ్లేషణ జరుగుతుంది. ఫినాల్ రెడ్ (ఆమ్ల, క్షారాలను బట్టి మారే రంగు) కలిపిన మీడియం అయితే కంటికే తెలుస్తుంది: ఋణ కడ్డీ చుట్టూ ముదురు గులాబీ, ధన కడ్డీ చుట్టూ పసుపు. బుడగలు కనిపిస్తే ఇంకా దారుణం. పల్స్ 2 అనుకుని 20 మిల్లీసెకన్లు పెట్టినప్పుడూ ఇదే అవుతుంది. పల్స్ తర్వాత గీత మెల్లగా దిగుతుంటే, మధ్య విరామంలో రెండు తీగలనూ షార్ట్ చేసే స్విచ్ పెట్టండి, లేదా ధన, ఋణ భాగాలు సమానంగా ఉండే పల్స్ ఇవ్వండి.

కణజాలాన్ని కడ్డీల మధ్య సరిగ్గా నడిమిన ఉంచండి. మొదటి మూడు రోజులు కరెంటు వద్దు. ముందే మొదలుపెడితే ముడుచుకునే ప్రోటీన్లు పోగుపడవు, మరీ ఆలస్యమైతే ఫలితం తగ్గుతుంది. ఆ మూడు రోజులు గడిచాక ఐదు రోజులు కరెంటు, ఇన్‌క్యుబేటర్‌లో 37 డిగ్రీలు, 5 శాతం కార్బన్ డయాక్సైడ్. 2011లో వచ్చిన మరో అధ్యయనంలో కార్బన్ కడ్డీలతో సెం.మీ.కి 3 వోల్టులు, 3 హెర్ట్జ్ (సెకనుకు మూడు పల్స్‌లు) మెరుగ్గా తేలింది. రెండూ పోల్చి చూడండి. మనిషి మూలకణాల నుంచి చేసిన కణాలకైతే దారి వేరు: 2018 నాటి పద్ధతిలో 2 హెర్ట్జ్‌తో మొదలుపెట్టి రోజుకు 0.33 చొప్పున రెండు వారాల్లో 6 దాకా పెంచారు.

పోలిక కోసం పెట్టే డిష్‌లో కూడా కడ్డీలు ఉండాలి, కరెంటు ఒక్కటే ఉండకూడదు. లేకపోతే తేడా కరెంటుదో కార్బన్‌దో చెప్పలేరు.

చివరి రోజు రెండు కొలతలు తీయండి. 1 హెర్ట్జ్ పల్స్ ఇస్తూ సున్నా నుంచి 0.1 వోల్టు చొప్పున పెంచండి. ముక్క మొత్తం ప్రతి పల్స్‌కీ కలిసి కొట్టుకున్న మొదటి వోల్టేజీ రాసుకోండి, ఎంత తక్కువైతే అంత మంచిది. దానికి ఒకటిన్నర రెట్లు పెట్టి ఇప్పుడు వేగం పెంచుతూ పోండి, తాళం తప్పే ముందటి వేగం రెండో కొలత. ఇది ఎక్కువుండాలి. పల్స్ ఆపాక కూడా కొట్టుకుంటుంటే అది ముక్క సొంత లయ, లెక్కలోకి తీసుకోకండి.

ఒక డిష్ ఒక్కటే మందకొడిగా ఉంటే కణాల్ని తిట్టుకునే ముందు తీగలను కలిపే క్లిప్పులు చూడండి. ఇన్‌క్యుబేటర్ తేమకు మొసలి క్లిప్పులు కొద్దిరోజుల్లోనే తుప్పుపడతాయి. అతుకులన్నీ తలుపు బయట పెట్టి, లోపలికి ప్లాటినం తీగలు, చదును కేబుల్ మాత్రమే పంపండి.