శ్రీకాళహస్తి కలంకారీ బొమ్మ వేయించుకోవాలంటే: చెరగని కసిమి నలుపు పడకముందే అన్నీ మాట్లాడుకోండి

ఇంటికో, గుడికో, పెళ్లికానుకకో చేత్తో గీసిన కలంకారీ బొమ్మ వేయించుకోవాలనుకుంటే ముందు ఊరు సరిగ్గా చూసుకోండి. పెడనలో, మచిలీపట్నం చుట్టుపక్కల చేసేది చెక్క అచ్చులతో అద్దే కలంకారీ, చీరలకీ దుప్పట్లకీ అది చాలా బాగుంటుంది. మీరు అడిగిన కథ మీ కోసమే బొమ్మగా రావాలంటే మాత్రం శ్రీకాళహస్తి వెళ్లాలి, అక్కడ కలంతో గీస్తారు. తిరుపతి దాకా ఎలాగూ వెళ్తుంటాం, అక్కడి నుంచి గంట ప్రయాణం, కాబట్టి మొదటిసారి ఫోన్లో తేల్చేయకుండా మనిషిని కలవండి. సగంలో ఉన్న పనులు చూపించమని అడగండి. పూర్తయిన బొమ్మ ఎవరైనా కొని తెచ్చి చూపించగలరు, సగంలో ఉన్నది వేసేవాళ్ల దగ్గరే ఉంటుంది.

అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి ఇప్పుడు చెప్తాను. బట్టను గేదెపాలు, కరక్కాయ కలిపిన నీళ్లలో నానబెట్టి ఆరేస్తారు. దానిమీద చింతపుల్లల బొగ్గుతో బొమ్మ గీస్తారు, ఆ గీత దులిపితే పోతుంది. తర్వాత కసిమితో గీస్తారు. కసిమి అంటే తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం నీళ్లలో వేసి రోజుల తరబడి పులియబెట్టిన ద్రవం, కరక్కాయ పట్టిన బట్టకి తగిలిందంటే నల్లగా పట్టేస్తుంది, ఇక దాన్ని చెరపడం ఎవరివల్లా కాదు. కాబట్టి మీ మార్పులన్నీ బొగ్గు గీత మీదే అయిపోవాలి. వెళ్లలేకపోతే వెలుతురులో ఫోటో తీసి పంపమనండి, ఇంట్లో పెద్దవాళ్లకి కూడా చూపించండి. పట్టాభిషేకంలో సీతమ్మ రాముడికి ఎడమవైపే ఉందా, మీ ఇంటి ఆనవాయితీ ప్రకారం ఉండాల్సినవాళ్లంతా ఉన్నారా, అంచు ఎంత వెడల్పు, ఇవన్నీ అప్పుడే చూడాలి. బొమ్మల కింద తెలుగులో రాసే మాటలు, పద్యాలు కూడా కసిమితోనే రాస్తారు, అందుకని పద్యం కావాలంటే నోటితో చెప్పకుండా అచ్చులో ఇవ్వండి, ఒత్తులూ దీర్ఘాలూ మీరే సరిచూడండి.

కథ విషయంలో ఆశ తగ్గించుకోండి. మూడడుగుల బట్ట మీద రామాయణమంతా కావాలంటే ఒక్కో మనిషి బొటనవేలంత అవుతాడు. ఒక్క ఘట్టం ఎంచుకుంటే గీసేవాళ్లకి కళ్లకీ నగలకీ చోటు దొరుకుతుంది. మీ తాతగారి ఫోటో ఇచ్చి అచ్చం అలాగే ముఖం రావాలని అడగొద్దు, కలంకారీ ముఖాలకి వాటి తీరు వాటికుంది, పెద్ద కళ్లూ ఆ పక్కచూపూ పోతే కలంకారీయే పోతుంది.

ఎరుపు నేరుగా పూసేది కాదు. పటిక నీళ్లు పూసినచోట, మంజిష్ఠ వేళ్ల లాంటివి వేసి బట్టను ఉడికించినప్పుడు ఎరుపు పట్టుకుంటుంది, అది నీళ్లని బట్టి కొంచెం అటూ ఇటూ అవుతుంది. మీ సోఫా రంగుకి సరిపోవాలని పట్టుబట్టకండి. పసుపుపచ్చ, నీలిమందు నీలం, ఆ రెండూ కలిస్తే ఆకుపచ్చ, ఇవి కళ్లకి చల్లగా ఉంటాయి. మెరిసిపోయే గులాబీ కావాలంటే కెమికల్ రంగులే వాడాలి. ఏ రంగులతో వేస్తారో ధర మాట్లాడేటప్పుడే సూటిగా అడగండి, ఇందులో మొహమాటం అక్కర్లేదు.

డబ్బు మూడు వాయిదాలుగా ఇవ్వడం ఇద్దరికీ మంచిది: ఒప్పుకున్నప్పుడు కొంత, నల్ల గీత పూర్తయ్యాక కొంత, చేతికొచ్చాక మిగతాది. గీత ఎంత సన్నగా ఉంటే అంత రేటు పెరుగుతుంది, పెరగాలి కూడా, వంగి కూర్చుని రోజులకి రోజులు చేసే పని అది. బేరమాడాలనిపిస్తే సైజు తగ్గించమనండి, కూలి తగ్గించమనకండి. బట్ట మీద గీసినవాళ్ల సంతకం ఉండాలని మీరే అడగండి, రంగులు నింపినవాళ్లు వేరే ఉంటే వాళ్ల పేర్లు కూడా.

ఇక టైమ్. ఉతకడం, ఎండబెట్టడం మళ్లీ మళ్లీ ఉంటాయి, ఎండ లేకపోతే పని ఆగిపోతుంది. అక్కడ అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు, ఆ నెలల్లో తొందరపెడితే టెన్షన్ తప్ప బొమ్మ రాదు. మాఘమాసంలో గృహప్రవేశం ఉంటే ఎండాకాలంలోనే చెప్పేయండి.

బొమ్మ వచ్చాక కొన్నాళ్లు పాలవాసన వస్తుంది, కంగారుపడి ఉతికేయకండి, గాలి తగిలితే మెల్లగా పోతుంది. మడత పెట్టకుండా గొట్టానికి చుట్టి తెచ్చుకోండి. ఫ్రేమ్ కట్టేవాళ్లు అట్టకి జిగురుతో అంటిస్తామంటే వద్దనండి, వెనక ఇంకో బట్ట పెట్టి కుట్టించి కట్టమనండి, నేరుగా ఎండ పడని గోడకి తగిలించండి.