నికెల్-మాంగనీస్-గాలియం: మార్పు అనుకున్న చోట రాకపోతే

ఈ మిశ్రలోహంలో చూడాల్సిన మార్పులు రెండు. చల్లారుతుంటే స్ఫటిక నిర్మాణం ఆస్టెనైట్ (ఎక్కువ వేడిలో ఉండే రూపం) నుంచి మార్టెన్సైట్‌కి (చల్లారాక వచ్చే రూపం) మారడం ఒకటి, వేడెక్కుతుంటే క్యూరీ బిందువు అనే ఉష్ణోగ్రత దగ్గర అయస్కాంతత్వం పోవడం మరొకటి. పాళ్లు సరిగ్గా 2:1:1 ఉంటే మొదటిది సుమారు 202 కెల్విన్ల దగ్గర, రెండోది 376 దగ్గర వస్తాయి. ఉష్ణోగ్రతతో అయస్కాంతత్వం ఎలా మారిందో చూపే గ్రాఫ్‌లో కనబడింది ఈ రెండింట్లో ఏదో తేలకపోతే వేడిచేస్తూ ఒకసారి, చల్లారుస్తూ ఒకసారి కొలవండి. గీతలు విడిపోతే నిర్మాణ మార్పు, ఒకదానిమీద ఒకటి పడితే క్యూరీ. నిమిషానికి 10 కెల్విన్ల వేగంతో పోతే క్యూరీ దగ్గర కూడా గీతలు విడిపోయినట్టే ఉంటాయి. వేగం 2కి తగ్గించాకే నమ్మండి.

మార్టెన్సైట్ మార్పు 20 కెల్విన్లు పైకి జరిగింది

అందరూ ముందు అనుమానించేది లోహాలను కరిగించేటప్పుడు ఆవిరైపోయిన మాంగనీసునే. లెక్క వేస్తే కథ వేరు. ఈ మార్పు ఎక్కువగా పరమాణువుకు సగటు వేలెన్సీ ఎలక్ట్రాన్ల (బంధాల్లో పాల్గొనే బయటి ఎలక్ట్రాన్ల) సంఖ్యను బట్టి జరుగుతుంది: నికెల్‌కు 10, మాంగనీసుకు 7, గాలియంకు 3. 2:1:1కి సగటు 7.5. మొత్తం పరమాణువుల్లో అర శాతం మేర మాంగనీసు పోయినా సగటు దాదాపు కదలదు, ఎందుకంటే 7 ఆ సగటుకు దగ్గరే. అదే అర శాతం గాలియం తగ్గితే 7.52 దాటుతుంది, మార్పు 20 కెల్విన్ల దాకా పైకి పోతుంది. 10 గ్రాముల మిశ్రలోహపు ముద్దలో అది 58 మిల్లీగ్రాములే. గాలియం 29.8 డిగ్రీల సెల్సియస్‌కే కరిగి తూకం కాగితానికి, చేతి తొడుక్కి మెరుస్తూ అంటుకుంటుంది. ఫ్రిజ్‌లో గట్టిపరిచి, ముక్కలుగానే ప్లాస్టిక్ పట్టకారుతో తూచండి.

మాంగనీసును వదిలేయమని కాదు. 10 గ్రాములకు కావలసిన 2.27 గ్రాముల మీద 45 మిల్లీగ్రాములు అదనంగా వేసి, నికెల్ కింద పెట్టండి, కరిగించే విద్యుత్ ఆర్క్ దానికి నేరుగా తగలకూడదు. ముద్దను తిప్పుతూ నాలుగైదు సార్లు కరిగించి మళ్లీ తూచండి. తగ్గిన బరువు దాదాపు మాంగనీసుదే.

మార్పు ఒక్కచోట కాకుండా 30, 40 కెల్విన్ల మేర సాగింది

పాళ్లు ముద్దంతటా ఒకేలా లేవు. టాంటలం రేకులో చుట్టి (లేకపోతే మాంగనీసు క్వార్ట్జ్‌ను తినేస్తుంది) క్వార్ట్జ్ గొట్టంలో పెట్టి, గాలి తీసి, పావు బార్ ఆర్గాన్ నింపి సీల్ చేయండి. వేడెక్కాక లోపలి ఒత్తిడి ఒక బార్‌కి చేరుతుంది. 900 డిగ్రీల సెల్సియస్‌లో 72 గంటలు ఉంచి, మంచునీళ్లలో పగలగొట్టండి. పైపొరలో మాంగనీసు తక్కువగా ఉంటుంది, కొలిచేముందు దాన్ని అరగదీయండి.

ముద్దలో ఆస్టెనైట్, పొడిలో మార్టెన్సైట్

నూరినప్పుడు పుట్టిన ఒత్తిడి వల్లే. స్ఫటిక నిర్మాణం చూపే ఎక్స్‌రే గ్రాఫ్‌లో శిఖరాలు కూడా వెడల్పవుతాయి. గాలి తీసిన గొట్టంలో 600 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఉంచి, మెల్లగా చల్లారనివ్వండి.

అయస్కాంతత్వ గ్రాఫ్‌లో 43 కెల్విన్ల దగ్గర చిన్న బుడిపె

దీన్ని కొత్త అయస్కాంత దశగా ప్రకటించే తొందర వద్దు. అనుమానితులు ఇద్దరు: ఆ ఉష్ణోగ్రత దగ్గరే ఫెర్రిమాగ్నెటిక్ (ఒక రకం అయస్కాంతం) అయ్యే మాంగనీస్ ఆక్సైడ్ (మూడు మాంగనీసు, నాలుగు ఆక్సిజన్), నమూనా గదిలోకి చొరబడి గడ్డకట్టిన ఆక్సిజన్. గదిని వేడిచేసి హీలియంతో రెండు మూడు సార్లు కడిగి మళ్లీ కొలవండి. బుడిపె పోతే తప్పు గాలిది, సీలు చూసుకోండి. ఉండిపోతే ఆక్సైడ్. తర్వాతి ముద్దకు మాంగనీసు ముక్కల గోధుమరంగు పోయి వెండిలా తేలేదాకా పలుచని నైట్రిక్ ఆమ్లంలో ముంచి, కడిగి, ఆరబెట్టి వెంటనే వాడండి.