రంగం నుంచి తాత తెచ్చిన నాణెం: ఏ దేశానిదో ఎలా కనుక్కోవాలి?

ఉత్తరాంధ్రలోనో గోదావరి జిల్లాల్లోనో పాత ట్రంకుపెట్టె సర్దుతుంటే అడుగున గుడ్డమూటలో ఊరూ పేరూ తెలియని వెండి నాణెం ఒకటి బయటపడుతుంది. "మీ తాత రంగం నుంచి తెచ్చాడురా" అంటుంది ఇంట్లో ఎవరో పెద్దావిడ. రంగం అంటే బర్మాలోని (ఇప్పటి మయన్మార్) రంగూన్. అక్కడి రేవుల్లో, బియ్యం మిల్లుల్లో పని చేయడానికి ఓడెక్కిన తెలుగువాళ్ళు వేలల్లో ఉన్నారు. 1942లో జపాన్ సేనలు వచ్చిపడినప్పుడు కొందరు అడవుల వెంట నడిచి ఇల్లు చేరారు. అలా వచ్చిన మూటల్లో దొరికే నెమలి బొమ్మ నాణేన్నే ఇక్కడ ఉదాహరణగా తీసుకుంటున్నాను. మీ దగ్గరున్నది వేరేదైనా చేయాల్సిన పనులు ఇవే.

ముందు, తోమకండి. చింతపండు, విభూతి, టూత్‌పేస్ట్ ఏదీ వద్దు. వెండి మీద పట్టిన నలుపును కొనేవాళ్ళు తప్పుగా చూడరు, గీతలు పడితేనే ధర తగ్గిస్తారు. మట్టి ఉంటే మంచినీళ్ళలో నానబెట్టి, మెత్తటి గుడ్డతో అద్దండి, అంతే.

తర్వాత పెద్దవాళ్ళను కూర్చోబెట్టి అడగండి: ఎవరు తెచ్చారు, ఏ ఊరి నుంచి, ఎప్పుడు? చెప్పింది రాసి పెట్టుకోండి కానీ పూర్తిగా నమ్మేయకండి. "ఇది అరబ్బు దేశాలది" అని ఇంట్లో చెప్పుకునే నాణెం మీద చార్మినార్ ఉందంటే అది మన నిజాంది. ఉర్దూ అంకెలు చూసి విదేశీ అనుకుంటారు, అంతే.

ఇక రాత సంగతి. గది చీకటి చేసి, ఫోన్ టార్చిని నాణేనికి పక్క నుంచి, ఏటవాలుగా వేయండి. అరిగిపోయిన అక్షరాలు కూడా నీడలతో లేస్తాయి. అలాగే రెండు వైపులా ఫోటోలు తీసుకోండి. గుండ్రంగా, మన తెలుగు అక్షరాలకు చుట్టాల్లా కనిపిస్తే అది బర్మా లిపి కావచ్చు. నెమలి పురి విప్పిన వైపు చుట్టూ రాజధాని పేరు, కింద సంవత్సరం ఉంటాయి. రెండోవైపు ఆకుల దండ మధ్యలో విలువ. బర్మా అంకెల్లో ఒకటి, ఒక పక్క తెగిన సున్నాలా ఉంటుంది. నాలుగు అంకెల్లో మొదటిదీ మూడోదీ ఒకేలా ఉన్నాయా? ఉంటే అది 1214.

ఆ 1214 బర్మా శకం. దానికి 638 కలిపితే 1852. అయితే నాణెం 1852లో ముద్రించింది కాదు! ఈ నాణెం వేయించిన బర్మా రాజు మిండన్ గద్దెనెక్కింది 1853 ఫిబ్రవరిలో, బర్మా లెక్కలో ఇంకా 1214 నడుస్తుండగా. ఆయన రాజధాని మాండలేలో యంత్రాలతో టంకశాల మొదలైంది మాత్రం 1865లో. రాజు గద్దెనెక్కిన ఏడాదినే నాణేల మీద వేశారు. నాణెం మీది సంవత్సరాన్ని గుడ్డిగా నమ్మకూడదనడానికి ఇంతకంటే పెద్ద సాక్ష్యం ఆస్ట్రియా మహారాణి మరియా థెరీసా వెండి నాణెం. ఆమె చనిపోయిన 1780 సంవత్సరాన్నే వేసి, తర్వాత కూడా అనేక దేశాల్లో ముద్రిస్తూనే ఉన్నారు. ఉర్దూ, అరబిక్ అంకెల్లో ఉన్నది హిజ్రీ సంవత్సరమైతే 0.97తో గుణించి 622 కలపండి. 1329 అయితే దాదాపు 1911 వస్తుంది.

ఇప్పుడు బరువు. బంగారం కొట్లో తూకం వేయించండి, లేదా 0.01 గ్రాము చూపే చిన్న కాటా కొనుక్కోండి. నెమలి నాణెం మన పాత వెండి రూపాయి బరువే, అంటే సుమారు 11.66 గ్రాములు, ఒక తులం. అరుగుదలకు కొంచెం తగ్గొచ్చు. మెడలో వేసుకోవడానికి కొక్కెం అతికించి ఉంటే పెరుగుతుంది. అయస్కాంతానికి అంటుకుంటే వెండి కాదు. అంటుకోనంత మాత్రాన వెండి అనుకోకూడదు, ఇత్తడి కూడా అంటుకోదు.

నాకు బాగా నచ్చిన పరీక్ష ఒకటుంది. కాటా మీద గ్లాసుడు నీళ్ళు పెట్టి, సున్నా చేయండి. నాణేనికి సన్నటి దారం కట్టి, అడుగుకూ అంచుకూ తగలకుండా నీళ్ళలో వేలాడదీయండి. కాటా మీద కనిపించే అంకెతో నాణెం బరువును భాగించండి. 11.66 గ్రాముల నాణేనికి అంకె 1.1 దగ్గర వస్తే భాగఫలం పదిపైన ఉంటుంది, అది వెండి లెక్క. 1.3 దాటితే భాగఫలం తొమ్మిదికి దిగిపోతుంది, వేరే లోహమని అనుమానించాలి.

ఈ వివరాలన్నీ చేతిలో ఉన్నాక నెట్‌లో వెతకండి. గూగుల్ లెన్స్‌తో దేశం తెలుస్తుంది, కానీ అది ఒక్కోసారి బొమ్మ పోలిక చూసి తప్పు చెబుతుంది. అందుకే ప్రపంచ నాణేల వివరాలుండే నుమిస్టా సైట్లో దేశం, బరువు, అడ్డకొలత మీ నాణెంతో కలుస్తున్నాయో లేదో సరిచూసుకోండి. బర్మాలో ఇదే నెమలితో అర్ధ, పావు విలువ నాణేలు కూడా ఉన్నాయి కాబట్టి బరువు తేడా వస్తే కంగారు పడకండి.

ఇక అందరూ ముందే అడిగే ప్రశ్న, ఎంతొస్తుంది? నాణేల మేళాలో ఇద్దరు ముగ్గురికి చూపించాకే నమ్మండి. ఫోన్ చేసి "రిజర్వు బ్యాంకు తరఫున కొంటాం, ముందు ఫీజు కట్టండి" అంటే ఫోన్ పెట్టేయండి. ఇలాంటి మోసాల గురించి రిజర్వు బ్యాంకే 2021లో హెచ్చరించింది. ఇంకో మాట, అమెరికాలో ఉన్న మనవడికి గుర్తుగా పంపుదాం అనుకునేవాళ్ళు ఆగండి. వందేళ్ళు దాటిన నాణెం 1972 నాటి పురావస్తు చట్టం కిందికి వస్తుంది. మామూలు మనుషులు దాన్ని దేశం దాటించడం నేరం. మనవడికి ఫోటోలు వాట్సాప్‌లో పంపండి, నాణెం పెట్టెలోనే ఉండనివ్వండి.