దడ, విసుగు, దిగులు: మోటార్ ఇప్పే ముందు స్టార్టర్ చూడండి

అనంతపురంలో మా చిన్నాయనకు మోటార్ వైండింగ్ షాపు ఉంది. బోరు మోటార్ ఆడటం లేదని ఎవరైనా పరుగున వస్తే ఆయన మొదట అడిగేది ఒకటే: "మూడు ఫేజులూ వస్తాండాయా, చూసినావా అప్పా?" చాలాసార్లు మోటార్‌లో ఏమీ ఉండదు. ఒక ఫేజు పోయి ఉంటుంది, లేదంటే లో వోల్టేజీకి స్టార్టర్ ట్రిప్ అయి ఉంటుంది. మోటార్ పైకి లాగి ఇప్పేశాక ఆ సంగతి తెలిస్తే కూలీ దండగ.

కోపం, భయం, దిగులు వచ్చినప్పుడు నేనూ ఇదే వరస పాటిస్తున్నాను: మనసును ఇప్పే ముందు ఒంటికి తిండి, నీళ్లు, నిద్ర సరిగ్గా అందాయా అని చూస్తాను. మెదడు పుర్రెలో చీకట్లో ఉంటుంది. గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోంది, కడుపు ఖాళీగా ఉందా, ఒళ్లు వేడెక్కిందా అన్నది నరాలు మోసుకొస్తేనే దానికి తెలుస్తుంది. ఆ కబుర్లు ఇన్సులా అనే భాగానికి చేరతాయి. వాటికి పాత అనుభవాలను జోడించి "ఇది భయం", "ఇది కోపం" అని మెదడు పేరు పెడుతుంది. కబురు నిజమే అయినా పేరు తప్పు కావచ్చు.

సమస్య: సాయంత్రం అయ్యేసరికి ఇంట్లో అందరి మీదా విసుగు

కారణం: మెదడు మన బరువులో 2 శాతమే. ఊరికే కూర్చున్నా ఒంట్లో ఖర్చయ్యే శక్తిలో 20 శాతం దాకా అదే తింటుంది. మధ్యాహ్నం సరిగ్గా తినకుండా ఎండలో తిరిగి వస్తే ఒంట్లో నీళ్లు తగ్గుతాయి. రక్తంలో చక్కెర బాగా పడిపోతే దాన్ని లేపడానికి ఒళ్లు అడ్రినలిన్ అనే హార్మోన్ వదులుతుంది. కోపం వచ్చినప్పుడు వదిలేదీ అదే.

పరిష్కారం: గొడవ పడాలనిపిస్తే పడండి. కాకపోతే ఒక చెంబు మజ్జిగ తాగి, నాలుగు గుప్పెళ్లు బొరుగులు తిని, ఇరవై నిమిషాలు ఆగి పడండి. అప్పటికీ కోపం తగ్గలేదంటే అవతలివాళ్లు నిజంగానే ఏదో చేసి ఉంటారు. షుగర్ మాత్రలో ఇన్సులినో వాడేవాళ్లకు చెమట, వణుకు కూడా వస్తే మాత్రం అది విసుగు కాదు, వెంటనే చక్కెర నీళ్లు తాగాలి.

సమస్య: ఏమీ జరగలేదు, అయినా చిన్న మాటకే ఏడుపు

కారణం: రాత్రి ఎన్ని గంటలు పడుకున్నారో లెక్క చూడండి. 2007లో అమెరికాలో జరిగిన ఒక ప్రయోగంలో, సుమారు 35 గంటలు మేలుకున్నవాళ్లకు బాధ కలిగించే ఫొటోలు చూపిస్తూ స్కాన్ తీశారు. మెదడులో అపాయాన్ని పసిగట్టే అమిగ్డాలా అనే భాగం, నిద్రపోయి వచ్చినవాళ్లతో పోలిస్తే 60 శాతం ఎక్కువగా ఎగిరిపడింది. దాన్ని అదుపులో పెట్టే నుదుటి వెనక భాగంతో లంకె సడలిపోయింది.

పరిష్కారం: నిద్ర పట్టాలంటే ఒంటి లోపలి వేడి కాస్త దిగాలి. మే నెలలో మన ఊళ్లల్లో రాత్రి పదింటికి కూడా గోడలు సెగ కక్కుతుంటాయి. అందుకే పెద్దవాళ్లు మిద్దె మీద నీళ్లు చల్లి పడుకునేవాళ్లు. సాయంత్రం ఆరింటికి తాగిన కాఫీలో దాదాపు సగం కెఫీన్ పదకొండింటికి కూడా రక్తంలోనే ఉంటుంది, కాబట్టి ఆ కాఫీ మానండి. నిద్ర లేని రోజున ఉద్యోగం వదిలేయాలా, సంబంధం వద్దనాలా వంటివి తేల్చుకోవద్దు.

సమస్య: ఉన్నట్టుండి గుండె దడ, చేతుల్లో తిమ్మిర్లు, చచ్చిపోతానేమో అన్న భయం

ముందొక మాట. మొదటిసారి వచ్చినప్పుడు "ఇది టెన్షనే" అని మీరే తేల్చేయొద్దు. ఛాతీలో బరువు, చేతికో దవడకో పాకే నొప్పి, చల్లటి చెమటలు ఉంటే 108కి ఫోన్ చేయండి. ఈసీజీ చూసి గుండె బాగుందని డాక్టరు చెప్పాకే కింది మాటలు పనికొస్తాయి.

నాకిది కర్నూలు నుంచి వస్తుంటే, బస్సు డోన్ దాటాక వచ్చింది. ఊపిరి ఆడక గుత్తిలో దిగిపోయాను. ఈసీజీ బాగుంది, రక్తపరీక్షలు బాగున్నాయి. "ఏమీ లేదు, ఊరికే భయపడుతున్నావు" అని పంపేశారు. ఏమీ లేకుండా అంత దడ ఎందుకొచ్చిందో మాత్రం ఎవరూ చెప్పలేదు.

కారణం: ముందు రాత్రి నిద్ర లేదు. పొద్దున ఏమీ తినకుండా రెండు కాఫీలు తాగాను. గుండె కాస్త వేగం పెరిగింది. ఆ వేగం మెదడుకు తెలిసింది గానీ, దానికి కాఫీ కారణమని తెలియలేదు. ఎందుకైనా మంచిదని అపాయమనే అనుకుంది. అమిగ్డాలా గంట కొట్టింది, మూత్రపిండాల మీది గ్రంథులు అడ్రినలిన్ వదిలాయి, దడ ఇంకా పెరిగింది. "చూశావా, నిజంగానే ఏదో అయింది" అని మెదడుకు సాక్ష్యం దొరికింది. ఆదుర్దాలో గబగబా ఊపిరి తీస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది. తిమ్మిర్లు, కళ్లు తిరగడం అందువల్లే. అదీ ఇంకో సాక్ష్యమే.

ఇదే పొరపాటు తిరగేసి కూడా జరుగుతుంది. 1974లో కెనడాలో, లోయ మీద ఊగే కపిలానో వంతెన దాటిన మగవాళ్లు అక్కడ తమతో మాట్లాడిన అమ్మాయికి తర్వాత ఫోన్లు చేశారు. గట్టి వంతెన దాటినవాళ్లలో అలా చేసినవాళ్లు తక్కువ. భయంతో వచ్చిన దడను ఇష్టం అనుకున్నారన్నమాట.

పరిష్కారం: నాలుగు లెక్కపెడుతూ పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలండి. ఊపిరి వదిలేటప్పుడు వేగస్ నరం గుండెను నెమ్మదింపజేస్తుంది. "ఇది కాఫీ దడ" అని పైకి అనండి. సాధారణంగా పది నిమిషాల్లోపే దడ తారస్థాయికి వెళ్లి, ఆ తర్వాత దానంతటదే దిగుతుంది.

అన్నిటికంటే ముఖ్యం, పారిపోవద్దు. నేను గుత్తిలో దిగడమే పెద్ద తప్పు. దిగగానే దడ తగ్గింది, "బస్సు దిగాం కాబట్టి బతికాం" అని మెదడు రాసి పెట్టుకుంది. ఆ తర్వాత ఐదు నెలలు నేను బస్సెక్కలేదు. మళ్లీ అలవాటు కావడానికి మొదట అనంతపురం నుంచి గార్లదిన్నె దాకా, వారం తర్వాత పామిడి దాకా, ఆ తర్వాత గుత్తి దాకా వెళ్లాను. దడ వచ్చినా దిగలేదు. పాత భయం చెరిగిపోదు. దాని పక్కన "ఏమీ కాలేదు" అన్న కొత్త పాఠం చేరుతుంది. తిరగ్గా తిరగ్గా ఆ కొత్తదే గట్టిపడుతుంది.

రిపేరు అక్కర్లేనిది: కడప కారం దోసె

నోరు కాలిపోతున్నట్టుంటుంది, ఏమీ కాలదు. వేడిని పట్టే నాడీ గ్రాహకాన్నే మిరపలోని క్యాప్సైసిన్ కూడా తడుతుంది. ఆ గ్రాహకాన్ని కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ వచ్చింది. మంట అబద్ధమని తెలిసే ఇంకో దోసె చెబుతాం. మరీ మండితే నీళ్లు పనిచేయవు, పెరుగు తినండి.

సమస్య: రెండు వారాలు దాటినా పోని దిగులు

ఇక్కడ ఒకటి విడదీసి చూడాలి. బోరు ఎండి, చెనక్కాయ పంట పోయి, వడ్డీ పెరుగుతుంటే వచ్చే బాధ లోపం కాదు. మీటర్ సరిగ్గానే చూపిస్తోంది. ఆ మనిషికి ఊపిరి వ్యాయామం చెప్పడం నాకు నచ్చదు, ముందు అప్పు సంగతి మాట్లాడాలి. బతకాలనిపించడం లేదని అంటే మాత్రం కారణం ఏదైనా సరే, ఒంటరిగా వదలకుండా మానసిక సమస్యలకు సాయం చేసే ప్రభుత్వ ఫోన్ లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయించండి. ఉచితం, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు.

ఏ కారణమూ కనబడకపోతే సైకియాట్రీ డాక్టరును కలవండి. ముందుగానో వెంటనో థైరాయిడ్, బి12, రక్తహీనత పరీక్షలూ చేయించండి. పోయిన ఏడాది మా చిన్నాయనే షాపు తెరవడం మానేశాడు. ఎవరితోనూ మాటల్లేవు, ఎప్పుడూ పడకే. అందరూ వయసు అన్నారు, దిగులు అన్నారు. నేను వెళ్లేసరికి మే నెల ఎండలో దుప్పటి కప్పుకుని పడుకున్నాడు. "మూడు ఫేజులూ చూసినావా చిన్నాయనా?" అన్నాను. పరీక్ష చేయిస్తే థైరాయిడ్ బాగా తక్కువ పనిచేస్తోందని తేలింది.

ఇప్పుడు షాపు తెరుస్తున్నాడు. పొద్దున పరగడుపున మాత్ర వేసుకుని గంట ఆగితే గానీ కాఫీ తాగకూడదన్నారు. ఆ గంటసేపు మాత్రం ఆయన దగ్గరికి ఎవరూ పోరు.