లంబసింగి ఘాట్‌లో అద్దం మసకబారకుండా

డిసెంబరు తెల్లవారుజామున నర్సీపట్నం దాటి, వరిచేలు, చెరకు తోటలు వెనకబడి ఘాట్ ఎక్కుతుంటే కారు ముందద్దానికి ఆవిరి పట్టేస్తుంది. గుడ్డతో తుడిచిన రెండు నిమిషాలకే మళ్లీ మామూలే.

ముందురోజు రాత్రే అద్దం లోపలివైపు పొడిగా తుడిచి, ఉసిరికాయంత షేవింగ్ ఫోమ్ పల్చగా పూయండి. నిమిషం ఆగి, పొడి నూలుగుడ్డతో జిడ్డు గీతలు పోయేదాకా రుద్దండి. గీత మిగిలితే ఎదురు లైట్ల వెలుగు చెదిరి దారే కనబడదు.

ఘాట్‌లో ఏసీ వేసే ఉంచి, టెంపరేచర్ నాబ్ ఎర్రవైపు తిప్పండి. గాలి అద్దం మీదికి పెట్టి, లోపలి గాలినే తిప్పే రీసర్క్యులేషన్ ఆపేయండి. కారులో నలుగురి ఊపిరి తేమ బయటికి పోవాలంటే ఇదే ముఖ్యం; చాలామంది మరిచేదీ ఇదే.

వేలితో లోపల గీసి చూడండి. గీత పడకపోతే మసక బయటిది, దానికి వైపరే మందు. అసలు దారినే మంచు కమ్మేస్తే ఇవేవీ పనిచేయవు. హైబీమ్ వేస్తే తెల్లగోడే. లోబీమ్‌తో మెల్లగా వెళ్లి, వెడల్పున్న చోట పక్కకు ఆపి, ఎండ పొడిచేదాకా ఆగండి.