జ్ఞాపకాలు రాయాలంటే దేని మీద రాయాలో ఎలా తేల్చుకోవాలి?

పుట్టిన ఊరు, చదువు, ఉద్యోగం, పెళ్లి, పిల్లలు, రిటైర్మెంటు... ఈ వరసలో మొదలుపెట్టినవాళ్లు చాలామంది కాలేజీ దాకా వచ్చి ఆగిపోతారు. పట్టుబట్టి పూర్తిచేసినా అది సర్వీసు రిజిస్టరులా తయారవుతుంది. లెక్క వేసి చూడండి: 150 పేజీలు, పేజీకి 200 మాటలు అనుకుంటే మొత్తం 30 వేల మాటలు. అందులో 60 ఏళ్లు కుక్కితే ఏడాదికి 500 మాటలు దక్కుతాయి. అంటే దాదాపు ఈ వ్యాసమంత! అందుకే జీవితం మొత్తం వద్దు. ఒక కాలమో, ఒక చోటో, ఒక మనిషితో అనుబంధమో ఎంచుకోవాలి.

ముందుగా ఒక నోటుపుస్తకం పెట్టుకుని వారం పాటు రోజూ 20 నిమిషాలు, గుర్తొచ్చినవి గుర్తొచ్చిన వరసలోనే రాయండి. ఒక్కోదానికి రెండు వాక్యాలు మించొద్దు. 40 దాకా పోగైతే చాలు. "నాన్న చాలా కష్టపడ్డాడు" అని రాస్తే అది అభిప్రాయం, పనికిరాదు. "పూర్ణా మార్కెట్లో నాన్న బేరమాడకుండా కొన్నది ఆ ఒక్కరోజే" అంటే అక్కడో మనిషి కనిపిస్తున్నాడు.

తర్వాత గుర్తులు పెట్టండి. చోటు, మనుషులు, అన్న మాటలు కళ్లకు కట్టినట్టుంటే టిక్కు. "అప్పుడలా ఎందుకు చేశాడు? నేను నోరెందుకు విప్పలేదు?" అని ఇప్పటికీ తేలకపోతే ప్రశ్నార్థకం. రెండూ పడ్డవే మీ అసలు సరుకు. పెళ్లిళ్లలో పదిసార్లు చెప్పి నవ్వించిన కథలకు టిక్కు పడుతుంది గానీ ప్రశ్నార్థకం పడదు. అవి పుస్తకంలో ఒక మూల ఉండొచ్చు, పుస్తకాన్ని మాత్రం మొయ్యలేవు.

రెండు గుర్తులూ పడ్డవాటిలో ఒకదానితో ఒకటి ముడిపడేవి ఏరి, ఒకే వాక్యంలో చెప్పడానికి ప్రయత్నించండి. చాలామంది ఇక్కడే తడబడతారు. "ఉక్కు ఫ్యాక్టరీలో నా 30 ఏళ్లు" అంటే అది వట్టి కాలం లెక్క. "ఫ్యాక్టరీ మా పొలం తీసుకుని, ఆర్ కార్డు (భూమి పోయినవాళ్లకిచ్చే పునరావాస కార్డు) మీద నాకు ఉద్యోగం ఇచ్చింది, మొదటి జీతం కవరు దేవుడి పటం ముందు పెట్టి అమ్మ ఆ పూట అన్నం ముట్టలేదు" అంటే అందులో పేచీ ఉంది. ఈ వాక్యం కుదిరితే ఏది ఉంచాలి, ఏది తీసేయాలి అన్నది దానంతటదే తేలుతుంది. 1966 నాటి 'విశాఖ ఉక్కు - ఆంధ్రుల హక్కు' ఉద్యమం, 1971 జనవరి 20న జరిగిన శంకుస్థాపన ఆ ఇంటి గుమ్మంలోంచి కనిపించినంత మేరకే రావాలి. ప్రమోషన్లు అక్కర్లేదు. యూనియన్ ఎన్నికలూ అక్కర్లేదు, వాటి వల్ల తమ్ముడితో మాటలు ఆగిపోయి ఉంటే తప్ప.

పెద్ద సంఘటన దొరికింది కదా అని మురిసిపోకండి. హుద్‌హుద్ తుపాను విశాఖలో అందరూ చూసిందే. చెట్లు పడ్డాయి, కరెంటు పోయింది అని మీరు చెప్పేది పక్కింటాయనా చెబుతాడు. కరెంటు లేని ఆ రోజుల్లో మీ ఇంట్లో ఎవరు ఎవరితో ఏమన్నారు, తర్వాత ఏం మారింది అన్నది మీరొక్కరే చెప్పగలరు. అలాంటిదేమీ లేకపోతే తుపానుకి రెండు పంక్తులు చాలు.

తేదీలు మాత్రం సరిచూసుకోండి, జ్ఞాపకం దగా చేస్తుంది. "హుద్‌హుద్ రోజు పిల్లల్ని బడికి తయారుచేస్తున్నా" అని గుర్తుంటే అది మరేదో రోజై ఉంటుంది. 2014 అక్టోబర్ 12 ఆదివారం. మల్కాపురం రిఫైనరీలో పేలుడు జరిగిన 1997 సెప్టెంబర్ 14 కూడా ఆదివారమే. పాస్‌బుక్కులు, ఉత్తరాలు, శుభలేఖలు ఇలాంటి తప్పుల్ని పట్టిస్తాయి.

బతికున్నవాళ్ల గుట్టు చిత్తుప్రతిలో మొత్తం రాసుకోండి. అచ్చులో ఎంత ఉంచాలన్నది చివర్లో, వీలైతే వాళ్లకి చదివి వినిపించాక తేల్చుకోవచ్చు.

చివరి పరీక్ష: మొదటి అధ్యాయం జోలికి పోకుండా, ఎంచుకున్న దారిలో మొదలు, నడుమ, ముగింపుల నుంచి ఒక్కో ఘట్టం రెండేసి పేజీలు రాయండి. మొదలంటే పుట్టుక కాదు, గొడవ మొదలైన రోజు. మూడోదానికి వచ్చేసరికి "ఆ రోజుల్లో మనుషులే వేరు" లాంటి వాక్యాలతో పేజీ నింపుతున్నారంటే దారి చాలా వెడల్పుగా ఉంది. పదేళ్లను రెండేళ్లకో, కుటుంబాన్ని ఒక్క మనిషికో తగ్గించి మళ్లీ మూడు రాయండి. పక్కన పెట్టిన జ్ఞాపకాల్ని పారేయకుండా వేరే కవర్లో దాచుకోండి. నడుమ ఎక్కడైనా అడుగు పడకపోతే ముందు వెతకాల్సింది అందులోనే.