చిన్న పడవ మీద క్రాపీ వేట: లోతు తెలిస్తే చేప చిక్కుతుంది

టెక్సాస్, మిసిసిపి, టెనెసీ వంటి అమెరికా దక్షిణ రాష్ట్రాల జలాశయాల్లో గాలం వేసేవారు ఎంతో ఇష్టపడే చేపల్లో క్రాపీ ఒకటి. పలచని శరీరం, వెండి మెరుపు, తెల్లని మెత్తని మాంసం దీని లక్షణాలు. పెద్ద పడవ, ఖరీదైన సరంజామా లేకుండానే పట్టగలిగే చేప కాబట్టి, డాలస్ పరిసరాల్లో ఉంటూ కొత్తగా గాలం పట్టదలచిన మన తెలుగువారు దీనితో మొదలుపెట్టడం మంచిదని నా అభిప్రాయం. పక్క పడవలో వరుసగా చేపలు పడుతూ మన పడవలో ఒక్కటీ పడకపోతే అందరూ అదృష్టాన్ని తలచుకుంటారు గాని, తేడా చాలాసార్లు రెండు మూడు అడుగుల లోతులో మాత్రమే ఉంటుంది. ఎర సరైన లోతులో ఉండాలి, పడవ కదలకుండా ఆ చోటనే నిలవాలి. ఈ రెండూ కుదిరితే ఎర రంగు, రకం వంటివి తరువాతి సంగతులు.

క్రాపీలో తెల్లవి, నల్లవి అని రెండు జాతులున్నాయి. తెల్ల క్రాపీ పక్కల మీద నిలువు చారలు కనిపిస్తాయి, వెన్ను రెక్కకు సాధారణంగా ఐదారు ముళ్ళుంటాయి. నల్ల క్రాపీ ఒంటినిండా చెదిరిన మచ్చలు, వెన్ను రెక్కకు ఏడెనిమిది ముళ్ళు ఉంటాయి. కాస్త మురికినీటిని తెల్లది బాగా తట్టుకుంటుంది, నల్లది తేటనీటినీ నీటిమొక్కలనూ కోరుకుంటుంది. వేటగాడికి అంతకంటే ముఖ్యమైన విషయం మరొకటుంది. ఈ చేపలు గుంపులుగా, మునిగిన చెట్ల మోడులు, కొమ్మల గుట్టలు, వంతెన స్తంభాల నీడన చేరి, పైనుంచి వెళ్ళే చిరుచేపలను కనిపెట్టుకుని ఉంటాయి. వాటి చూపు పైకి ఉంటుంది. కింద జారిపోయిన ఎర కోసం అవి దిగిరావడం అరుదు. అందువల్ల చేపలు పన్నెండు అడుగుల లోతున ఉన్నాయని తెలిసినప్పుడు ఎరను పదకొండు అడుగుల దగ్గర ఆపాలే తప్ప పదమూడుకు దించకూడదు. ఎంత లోతో తెలియనప్పుడు కూడా పై నుంచే మొదలుపెట్టి, అడుగు చొప్పున దించుకుంటూ వెతకాలి.

ఏ కాలంలో ఎక్కడ వెతకాలో నీటి వేడిమి చెబుతుంది. వసంతంలో నీరు 60 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటుతుండగా క్రాపీలు లోతైన వాగు పాయల నుంచి ఒడ్డు వైపు కదులుతాయి. ఉత్తర టెక్సాస్‌లో సాధారణంగా మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇది జరుగుతుంది. మగచేపలు ముందుగా వచ్చి, రెండు నుంచి ఆరడుగుల నీటిలో, గట్టి నేల ఉన్న చోట గూళ్ళు చేసుకుని, గుడ్లు పిల్లలయ్యేదాకా కాపలా కాస్తాయి. ఆ రోజుల్లో వాటి రంగు బాగా నల్లబడుతుంది. చిన్న పడవకు ఇంతకంటే అనుకూలమైన కాలం లేదు, ఎందుకంటే పెద్ద పడవలు దూరలేని మూలల్లోకి, రెల్లు పొదల పక్కకు మనం నిశ్శబ్దంగా చేరుకోవచ్చు. అయితే ఉత్తరపు చలిగాలి ఒక్కరోజు వీచినా చేపలు వెనక్కి తగ్గి, దగ్గరలోని లోతు అంచున ఆగుతాయి. నిన్న చేపలు పడిన చోట ఈరోజు పడకపోతే ఆ చోటును పూర్తిగా వదిలేయకుండా, ముందుగా దాని వెనుకనున్న లోతు నీటిని వెతకడం మంచిది.

వేసవిలో పెద్ద జలాశయాల నీరు పొరలుగా విడిపోతుంది. పైన వెచ్చని పొర, అడుగున చల్లని పొర ఏర్పడతాయి, అడుగు పొరలో ప్రాణవాయువు తగ్గిపోతుంది. చేప కనిపెట్టే యంత్రం ఉంటే ఆ రెండింటి హద్దు తెర మీద మసక గీతలా కనిపిస్తుంది. ఆ గీత కింద ఎంతసేపు ఎర ఉంచినా ప్రయోజనం ఉండదు. గీతకు కాస్త పైన, వంతెన స్తంభాల వద్దా మునిగిన చెట్ల వద్దా తెల్లవారుజామున ప్రయత్నించాలి. శరదృతువులో చిరుచేపల మందల వెంట క్రాపీలు వాగు పాయల్లోకి వస్తాయి. చలికాలంలో లోతైన పాత వాగు గట్ల వెంట గుంపుగా నిలుస్తాయి.

ఇక పడవ సంగతి. పన్నెండు, పద్నాలుగు అడుగుల చదునైన అడుగు గల అల్యూమినియం పడవ ఈ వేటకు సరిపోతుంది. పడవకు అతికించిన రేకు మీద ఎంతమందిని, ఎంత బరువును మోయగలదో రాసి ఉంటుంది, ఆ పరిమితిని మీరకూడదు. అల్యూమినియం మీద పెట్టె జారినా, తెడ్డు తగిలినా ఆ చప్పుడు నీటిలో చాలా దూరం వినిపిస్తుంది కాబట్టి అడుగున రబ్బరు చాప పరచాలి. కొమ్మల గుట్టకు చాలా దూరంలోనే పెట్రోలు ఇంజను ఆపి, తెడ్డుతో గాని చిన్న కరెంటు మోటారుతో గాని చేరుకోవాలి.

లంగరు వేసే తీరులో చాలామంది తొందరపడతారు. చేపలున్న చోటే లంగరు పడేస్తే చేపలు చెదిరిపోతాయి, పైగా గాలికి పడవ ఆ చోటు దాటి కొట్టుకుపోతుంది. గాలి ఏ వైపు నుంచి వస్తోందో చూసుకుని, కొమ్మల గుట్టకు గాలి వచ్చే వైపున చాలినంత దూరం వెళ్ళి, ముందుభాగం నుంచి లంగరును చప్పుడు లేకుండా దించాలి. ఆ తరువాత తాడు కొంచెం కొంచెంగా వదులుతూ పడవను గుట్ట అంచుకు రానివ్వాలి. తాడు పొడవు నీటి లోతుకు కనీసం ఐదింతలు ఉంటే లంగరు పట్టు తప్పదు. గాలి తేలికగా ఉండి పడవ అటూ ఇటూ ఊగుతుంటే వెనుక నుంచి రెండో లంగరు వేసి నిలకడ తెచ్చుకోవచ్చు, కాని అలలు లేస్తున్నప్పుడు వెనుక వైపు లంగరు కట్టడం ప్రమాదకరం, నీరు పడవలోకి ఎక్కుతుంది. గుట్ట గుర్తుగా, బరువు కట్టిన దారంతో ఖాళీ ప్లాస్టిక్ సీసాను చేపల నెత్తిన పడకుండా కొంచెం పక్కగా వదిలితే చోటు మరచిపోము.

సరంజామా తేలికగా ఉండాలి. పొడవైన, మెత్తగా వంగే గాలపు కర్ర, ఆరు పౌండ్ల బరువును తట్టుకునే దారం, సన్నని తీగతో చేసిన గాలాలు చాలు. సన్నని గాలానికి ఒక సుగుణం ఉంది. కొమ్మకు చిక్కుకున్నప్పుడు దారం చేతికి చుట్టకుండా కర్రను నేరుగా ఆ వైపు చూపి నెమ్మదిగా లాగితే, దారం తెగకముందే గాలం సాగి బయటకు వస్తుంది, దాన్ని మళ్ళీ వంచుకుని వాడుకోవచ్చు. ఎరగా బతికున్న చిరుచేప గాని, సీసపు తల, మెత్తని ప్లాస్టిక్ తోక ఉన్న జిగ్ గాని వాడతారు. ఔన్సులో పదహారో వంతు బరువున్న జిగ్ సెకనుకు సుమారు ఒక అడుగు చొప్పున మునుగుతుంది. నీటిని తాకగానే లెక్కపెడుతూ పోయి చేప కొట్టిన అంకె గుర్తుంచుకుంటే తరువాతి విసురుకు లోతు తెలిసినట్టే. మురికినీటిలో చిలకపచ్చ, నలుపు కలిసినవి, తేటనీటిలో తెలుపు, వెండి రంగువి నేను ఎంచుకుంటాను.

లోతును పదేపదే ఒకేలా అందుకోవడానికి జారే బెండు చాలా మంచి సాధనం. దారం బెండు లోపలి నుంచి స్వేచ్ఛగా జారుతూ, మనం దారానికి కట్టిన చిన్న ముడి దగ్గర ఆగుతుంది. ముడిని జరిపితే లోతు మారుతుంది. బెండును గమనించడంలోనే సగం నేర్పు ఉంది. క్రాపీ కింద నుంచి వచ్చి ఎరను అందుకుని పైకి లేచినప్పుడు బెండు మునగదు, నిటారుగా ఉన్నది మెల్లగా లేచి నీటి మీద పక్కకు పడుకుంటుంది. మునిగేదాకా ఎదురుచూసేవారు ఆ చేపను పోగొట్టుకుంటారు. బెండు లేకుండా జిగ్ నిలువుగా దించినప్పుడు కూడా అంతే, దారంలో ఉన్నట్టుండి బరువు లేనట్టనిపిస్తే అది చేపే.

ఆ క్షణాన గట్టిగా గుంజకూడదు. క్రాపీ నోటి పొర కాగితంలా పలచన, గుంజితే చిరిగిపోతుంది. కర్రను ఆగకుండా పైకెత్తి, దారం వదులు కాకుండా చుట్టుకుంటూ వచ్చి, పడవ పక్కన చేతివలతో అందుకోవాలి. ఒకటి పడితే అక్కడ మరికొన్ని ఉంటాయి కాబట్టి వెంటనే అదే లోతుకు మళ్ళీ ఎర వేయాలి. ఇరవై నిమిషాలు ఏమీ జరగకపోతే మాత్రం లోతు మార్చాలి, అప్పటికీ లేకపోతే చోటు మార్చాలి.

టెక్సాస్‌లో 17 ఏళ్ళు నిండినవారికి చేపల వేట లైసెన్సు ఉండాలి. సాధారణ నియమం ప్రకారం క్రాపీ కనీసం పది అంగుళాల పొడవుండాలి, మనిషికి రోజుకు 25 మించకూడదు. కొన్ని జలాశయాలకు ప్రత్యేక నియమాలున్నాయి కాబట్టి బయలుదేరే ముందు ఆ చెరువు నియమాలు చూసుకోవాలి. మిసిసిపిలోనూ ఇతర రాష్ట్రాల్లోనూ కొలతలు వేరుగా ఉండవచ్చు. పదమూడేళ్ళలోపు పిల్లలు టెక్సాస్‌లో నడుస్తున్న చిన్న పడవలో లైఫ్ జాకెట్ తొడుక్కోవాలని చట్టం చెబుతుంది. పెద్దలు కూడా, ముఖ్యంగా ఫిబ్రవరి, మార్చి నెలల చల్లని నీటిలో, దాన్ని తీయకుండా ఉండాలని నేను గట్టిగా కోరుతున్నాను. అలల తలలు తెల్లబడుతున్నాయంటే చేపలు పడుతున్నా సరే ఒడ్డుకు తిరగాలి.

పట్టిన చేపలను వెంటనే ఐసులో పెడితే మాంసం గట్టిగా, వాసన లేకుండా ఉంటుంది. మాంసం సున్నితం కాబట్టి పులుసులో చివరగా వేసి కలపకుండా దించాలి, వేపుడైతే ముళ్ళు తీసిన ముక్కలు బాగుంటాయి. రేవు వదిలే ముందు పడవ అడుగు, డబ్బాలలోని చెరువు నీటిని పూర్తిగా పారబోయాలి. జీబ్రా మసెల్ అనే ఆల్చిప్ప వంటి జీవి ఒక చెరువు నుంచి మరో చెరువుకు ఆ నీటితో కూడా పాకుతుంది కాబట్టి టెక్సాస్‌లో ఇది చట్టం కూడా.